చాడీల గాజుపట్టీ

మ్యాటీ టాలన్ పుట్టిన గదీ, కాపురం పెట్టిన గదీ, కూతురు కార్మెల్‌ని భుజాన వేసుకుని జోకొట్టిన గదీ ఒకటే. డబ్లిన్‌లో, నదికి ఉత్తరాన, లవెట్ రో అనే వీధిలో పన్నెండో నంబరు ఇల్లు, మొదటి అంతస్తులో వీధివైపు గది. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో ప్రభువు అక్కడ విందులిచ్చేవాడట. రెండు కిటికీలు నేలనుంచి లేచి మనిషికి ఒకటిన్నర ఎత్తున నిలబడతాయి. సీలింగు మీద సున్నంతో చేసిన పిట్టలు, ద్రాక్షగుత్తులు, వాయించే చెయ్యి లేని ఒక ఫిడేలు. ఆ ఫిడేలు కింద టాలన్ల రెండు మంచాలు, ఒక పొయ్యి, తాడు మీద ఆరేసిన బట్టలు. ఇంటి మొత్తానికి ఎనిమిది కుటుంబాలు, పెరట్లో ఒక్క కుళాయి. వీధి తలుపు మూసి ఉండగా చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు.

జార్జి రాజుల కాలపు ఇళ్లంటే తన్మయులైపోయేవాళ్లు కొందరుంటారు. ఆ కొలతల అందం, ఆ పొందిక, తలుపు మీది అర్ధచంద్రపు గాజు! వాళ్లలో ఒక్కరూ ఆ ఇంట్లో ఒక చలికాలం గడిపి ఉండరు. ఆ వరసలు కట్టినవాళ్లు కళ కోసం కట్టలేదు, తొందరగా అమ్ముకోవడానికి కట్టారు. వీధికి కనిపించే ముఖానికి మాత్రం మంచి ఎర్ర ఇటుక. దాని వెనక చేతికందిన రాయీ రప్పా. ముందు గోడ పక్క గోడని కరుచుకుని ఉండదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. గోడ కట్టుగా ఉండాలని ఇటుకల మధ్య అడ్డంగా చెక్క పట్టీలు దాచారు. రెండు వందల ఏళ్ల వానకి ఆ చెక్క పొడుమైపోయింది. ఇక ఇల్లు దేనిమీద నిలబడినట్టు? పక్కింటి మీద. పక్కిల్లు దాని పక్కింటి మీద. సారాకొట్టు మూసేశాక ఒకళ్ల భుజం మీద ఒకళ్లు చేతులేసుకుని నడిచే తాగుబోతుల వరస లాంటిదన్నమాట. అందరూ ఉన్నంతసేపు ఎవరూ పడరు.

ఇదంతా మ్యాటీకి పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. వాళ్ల నాన్న కిటికీలకి గాజు బిగించే పనివాడు. మ్యాటీ కూడా పద్నాలుగో ఏట పుట్టీ పిసకడం మొదలుపెట్టాడు. ఆ వీధుల్లోని పాత కిటికీలన్నిటికీ అద్దాలు మార్చాడు. ఏ కిటికీ కూడా సరైన చతురస్రం కాదని, ప్రతిదీ ఏదో ఒక మూలకి ఒరిగి ఉంటుందని అతనికి తెలుసు. ఒరుగు పాతదైతే భయం లేదు. కొత్త ఒరుగు వేరు.

1965 జూలైలో పదమూడో నంబరుని కూల్చారు. తాగుబోతుల వరసలోంచి ఒకణ్ణి లాగేశారు. పన్నెండో నంబరు పక్క గోడ మొదటిసారి వెలుగు చూసింది. పక్కింటివాళ్ల నాలుగు అంతస్తుల పొయ్యి గూళ్లు, వాటి చుట్టూ నీలం, గులాబి, పసుపు గోడకాగితాలు అలాగే వీధికి కనబడుతూ ఉండేవి. ఆ గోడ పడకుండా ఖాళీ స్థలంలోంచి మూడు పెద్ద దూలాలు ఏటవాలుగా ఊతం పెట్టారు. వాటి కాళ్ల దగ్గర చెక్క చీలలు కొట్టి బిగించారు.

ఆగస్టులో మ్యాటీ గదిలో, ముందు గోడా పక్క గోడా కలిసే మూల, సన్నటి పగులు కనబడింది. ఇళ్ల తనిఖీ ఇన్‌స్పెక్టర్ లూబీ వచ్చాడు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు, టోపీ తీసిగాని గదిలో అడుగుపెట్టడు. పగులుకి అడ్డంగా జానెడు గాజుపట్టీ పెట్టి, రెండు కొసలా ప్లాస్టర్ ముద్దతో అతికించి, తడి ముద్ద మీద పుల్లతో తేదీ వేసి పొట్టి సంతకం గీకాడు.

"గోడ కదిలితే ఇది విరుగుతుంది, మిస్టర్ టాలన్. గాజు సాగదు, వంగదు. అబద్ధం చెప్పడం దానికి రాదు. డిసెంబర్లో మళ్లీ వచ్చి చూస్తాను."

"విరిగితే ఏమవుతుంది సార్?" అని మ్యాటీ భార్య రీటా అడిగింది.

"ఇల్లు ఖాళీ చేయిస్తాం. ఊరి చివర కొత్త ఇళ్లు కడుతున్నారుగా. స్నానాలగది కూడా ఉంటుందమ్మా."

ఆ రోజునుంచి ఇంట్లో అందరూ దాన్ని చాడీకోరు అనడం మొదలుపెట్టారు.

పైఅంతస్తు మిసెస్ ప్రంటీకి డెబ్భై రెండేళ్లు. పిల్లల్ని తోసుకెళ్లే పాత బండిలో చేపలు పెట్టుకుని బజారు వీధిలో అమ్ముతుంది. కింద పార్లర్ గదిలో ఉండే బాస్కో గెరటీ ఓడరేవులో మూటలు మోస్తాడు. పొద్దున ఎనిమిదింటికి రేవు దగ్గర పేర్లు పిలిచేటప్పుడు ఎదురుగా ఉన్నవాడికే ఆ రోజు పని. ఊరి చివరి నుంచి మొదటి బస్సు ఎక్కినా ఎనిమిదింపావుకి దిగుతాడు. చేపల బండిని అసలు బస్సే ఎక్కనివ్వరు. స్నానాలగది మాట విని ఇద్దరూ ఒకే మాట అన్నారు: "అందులో మునిగి చావమంటాడా?"

అక్టోబరు చివర్లో ఒక బుధవారం, రొట్టె మీద పందికొవ్వు రాసుకుని తింటున్నప్పుడు మూల నుంచి 'టిక్' మంది. అంతే. గోరుతో పళ్లెం అంచు మీద కొట్టినంత చప్పుడు. రీటా చేతిలో కత్తి ఆగిపోయింది. మ్యాటీ లేచి చూశాడు. గాజుపట్టీ నిట్టనిలువునా రెండు ముక్కలు.

అయిదు నిమిషాల్లో గది నిండిపోయింది.

"లారీ వెళ్లింది, దాని అదురుకి విరిగింది," అన్నాడు గెరటీ. "నేను విన్నాను."

"ఏ లారీ? వీధిలో పిల్లి కూడా లేదు," అంది రీటా.

"నువ్వు వినలేదు, నేను విన్నాను. ఏంరా మ్యాటీ, నీ జేబుల్నిండా గాజేగా? ఇంకోటి అతికించెయ్. లూబీగాడి సంతకం చేతకాదా ఏంటి నీకు?"

మిసెస్ ప్రంటీ సీసాలో తెచ్చిన తీర్థం పగులు మీద చిలకరించింది. "భయపడకు నాయనా. అమ్మ మరియ చూసుకుంటుంది. నువ్వు మాత్రం నీ పని నువ్వు చూసుకో."

గోడకి తీర్థమైనా, వాననీళ్లైనా ఒకటే. ఆ నీళ్లు పగుల్లోకి ఇంకుతుంటే మ్యాటీ చొక్కా చేత్తో అద్దాడు. కాని గదిలో ఎనిమిది కుటుంబాల కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. పాత ముద్దలు గీకేసి, కొత్త పట్టీ కోసి, అతికించి, తేదీ వేశాడు: ఆగస్టు మూడు. సంతకం గీశాడు. గెరటీ వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూసి, ఈల వేశాడు. "ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం నీకే ఇవ్వాల్రా."

ఆ పట్టీ ఇరవై రోజులు నిలిచింది. తర్వాతది పన్నెండు రోజులు. ఆ తర్వాతది ఆరు.

మొదటిదాని గురించే ఇంట్లో అందరికీ తెలుసు. మిగతావాటి సంగతి మ్యాటీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? ఎనిమిది కుటుంబాలు నిద్రపోకుండా కూర్చుంటాయి, వాటిలో ఒక్కటీ కదలదు. తన ఒక్కడికే తెలిస్తే, తానొక్కడే భయపడితే సరిపోతుందనుకున్నాడు. అది త్యాగమనుకున్నాడు కూడా. నిజానికి అది పనివాడి పొగరు: నా అతుకు నేను వేసుకోగలను అన్న పొగరు. అతుకు పడింది గోడకి కాదని, గోడ కదిలిందో లేదో చెప్పే గాజుముక్కకని అతని బుర్రకి తెలుసు, చేతికి తెలియదు.

కార్మెల్ బడికి వెళ్లాక మారుస్తుండేవాడు. పగులు మీద యేసు తిరుహృదయం పటం వేలాడదీశాడు. పట్టీ దాని వెనక దాక్కుంది. ఇంట్లో వాళ్లు వచ్చి పటానికి దణ్ణం పెట్టుకుని, గోడ నిలబడింది దానివల్లే అనుకుని వెళ్లేవారు. మ్యాటీ వాళ్ల వెనక నిలబడి, పటం మేకు నుంచి ఎంత ఒరిగిందో కంటితో కొలుస్తూ ఉండేవాడు.

రీటాకి అన్నీ తెలుసు. మూడో పట్టీ విరిగిన రోజు కార్మెల్ మంచాన్ని మూల నుంచి గది మధ్యకి లాగింది. నాలుగోది విరిగినప్పుడు తలుపు దగ్గరికి లాగింది.

"ఇంకా లాగితే మెట్ల మీద పడుకోబెట్టాలి," అన్నాడు మ్యాటీ, నవ్వబోతూ.

"మెట్లు మాత్రం ఏ గోడలో దిగేశారో చెప్పు ముందు," అంది రీటా. నవ్వలేదు.

నవంబరంతా వాన. మ్యాటీ ఎక్కడ పనిచేస్తున్నా చెవి మాత్రం ఇంట్లోనే ఉండేది. పుట్టీ నొక్కుతూ 'టిక్' కోసం వినేవాడు. మేడమీద ఎవరైనా కుర్చీ జరిపితే పని ఆపి పైకి చూసేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు వీధి మలుపు తిరగడానికి ముందు ఒక్క క్షణం ఆగేవాడు. తిరిగాక పొగగొట్టాలు లెక్కపెట్టుకునేవాడు. అన్నీ ఉంటే అప్పుడు నడిచేవాడు.

డిసెంబరు ఆరు, సోమవారం. లూబీ వచ్చాడు. టోపీ తీశాడు. పటం తీసి మర్యాదగా మంచం మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. గాజు నిక్షేపంగా ఉంది. ఉండదా మరి, శనివారం పెట్టిందేగా. తేదీ, సంతకం, అన్నీ ఉన్నాయి.

"నాలుగు నెలల్లో వెంట్రుక వాసి కూడా కదల్లేదు," అన్నాడు. అతని ముఖంలో నిజంగానే సంతోషం కనబడింది. "శుభవార్త, మిస్టర్ టాలన్. మీరెవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

గుమ్మం దగ్గర గెరటీ "హుర్రే" అన్నాడు. మెట్ల మీంచి మిసెస్ ప్రంటీ దేవుణ్ణి పిలిచింది. రీటా కుర్చీలో కూర్చుంది.

లూబీ నోటుపుస్తకం మూస్తూ అన్నాడు: "గోడ తన కాళ్ల మీద తాను నిలబడుతోందని తేలింది కాబట్టి, బయట ఆ దూలాలు ఇక్కడ దండగ. వేరే వీధిలో నిజంగానే అవసరం ఉన్న ఇల్లొకటుంది. గురువారం పొద్దున హార్ట్‌నెట్ మనుషులు వచ్చి తీసుకుపోతారు."

మ్యాటీ నోరు తెరిచాడు. ఎదురుగా లూబీ సంతోషం, గుమ్మంలో గెరటీ నవ్వు. నోరు మూసుకున్నాడు.

మంగళవారం సాయంత్రం పట్టీ మళ్లీ విరిగింది. ఈసారి 'టిక్' అని కాదు. ముక్కొకటి ఎగిరి నేలమీద పడింది. మ్యాటీ పరుగున కిందికెళ్లి గెరటీని నడవలోకి లాగాడు.

"బాస్కో, ఆ దూలాలు తియ్యకూడదు. గోడ నడుస్తోంది. ఇది అయిదోసారి విరగడం."

గెరటీ మెట్లవైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "నువ్వు చెబితే మనల్ని శుక్రవారానికల్లా లారీలో పడేస్తారు. నాకు పని పోతుంది. ప్రంటీ ముసలిది ఆ కొత్త గోడల మధ్య నెల బతకదు. ఆ దూలాలు లూబీగాడు రాత్రి నిద్రపోవడానికి పెట్టుకున్నవిరా, ఇంటికోసం కాదు. మా నాయన పుట్టకముందునుంచీ ఉంది ఈ ఇల్లు. నీకు పిరికితనం, అంతే. పుట్టీ వాసనకి బుర్ర మెత్తబడింది."

"నా కూతురు పడుకునే గది బాస్కో అది."

"నా నలుగురు పిల్లలూ దాని కిందే పడుకుంటారు. నేను ఏడుస్తున్నానా?"

మర్నాడు తెల్లారగానే మ్యాటీ లూబీ ఆఫీసుకి నడిచాడు. తలుపు మూసి ఉంది. డిసెంబరు ఎనిమిది, మరియమాత పండగ. ఊళ్లో ఉన్న ఆఫీసులన్నీ మూత. పల్లెల జనమంతా పండగ బజారుకని పట్నంలో దిగారు. పిల్లలు మిఠాయి పూసుకున్న చేతులతో ఎదురొస్తున్నారు. ఆ గుంపులో లూబీ ఇల్లెక్కడని ఎవరిని అడుగుతాడు? ఒకటికి పదిసార్లు తలుపు కొట్టి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. తాను చెప్పాల్సింది ఒక్క వాక్యం. దాన్ని ఎవరో ఒకరి ముందు అనడానికి అంత పట్నంలో ఒక్క చెవి దొరకలేదు. ఇంటికొచ్చి రీటాతో, "రేపు పొద్దున కార్మెల్‌ని మీ అక్క దగ్గరికి పంపెయ్," అన్నాడు.

"నువ్వు?"

"నేను బయటే ఉంటాను."

గురువారం తొమ్మిదింటికి చినుకులు. బండి వచ్చి ఆగింది. హార్ట్‌నెట్ అరవై ఏళ్ల వడ్రంగి, చెవి వెనక పెన్సిలు, నోట్లో ఆరిపోయిన పైపు. అతని మనుషులిద్దరు పదమూడో నంబరు ఖాళీ స్థలంలో దిగి మొదటి దూలం కాలి దగ్గర చెక్క చీల మీద సుత్తి వేశారు. ఆ రోజు రేవులో పని దొరక్క గెరటీ అక్కడే ఊచలకి ఆనుకుని ఉన్నాడు. మిసెస్ ప్రంటీ చేపల బండి తోస్తూ ఆగింది.

"ఆపండి!" అన్నాడు మ్యాటీ.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు హార్ట్‌నెట్, తల తిప్పకుండానే.

"ఆ గదిలో ఉంటాను. గోడ కదులుతోంది. ఆ గాజు నేను పెట్టింది. నాలుగుసార్లు మార్చాను. సంతకం కూడా నాదే."

"మ్యాటీ!" అని అరిచాడు గెరటీ. "సార్, వాడికి నాలుగు రోజులుగా జ్వరం. ఏదేదో వాగుతున్నాడు."

హార్ట్‌నెట్ జేబులోంచి కాగితం తీశాడు. "ఇక్కడ గోడ బాగుందని రాసుంది. ఇన్‌స్పెక్టర్ సంతకం ఉంది. ఇదీ నువ్వే పెట్టావా?" అతని మనుషులు నవ్వారు. "కొట్టండ్రా."

సుత్తి పడింది. చీల రాలేదు. మళ్లీ కొట్టారు. చీల బయటికి రాలేదు సరికదా, సుత్తి దెబ్బకి దూలం పొడుగునా సన్నగా మోగింది, బిగించిన తీగ మోగినట్టు.

"వానకి ఉబ్బింది మేస్త్రీ," అన్నాడు కుర్రవాళ్లలో పెద్దవాడు. "పెద్ద సుత్తి తెస్తా."

"ఆగు." హార్ట్‌నెట్ పైపు నోట్లోంచి తీశాడు. దూలానికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చినుకులు అతని మెడమీద పడుతున్నాయి. గోడ ఊతం మీద బరువు వెయ్యకుండా తానే నిలబడితే చీల వేళ్లతో లాగినా వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను నిటారుగా నిలబడి, పనివాడి చేతిలోంచి సుత్తి తీసుకుని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టాడు.

"లోపల ఎంతమంది ఉన్నారు?" అన్నాడు మెల్లిగా.

మ్యాటీ చెప్పాడు.

"పరిగెత్తకండి. అరవకండి. మెట్ల మీద ఒక్కొక్కళ్లే దిగండి, గోడ వైపు కాదు, కొయ్య కటకటాల వైపు. ఇప్పుడే."

పదకొండింటికల్లా పన్నెండో నంబరు కాపురాలన్నీ ఎదురు పేవ్‌మెంటు మీద, వానలో ఉన్నాయి. పరుపులు, గిన్నెలు, పటాలు. వీధిలో ఉన్న మిసెస్ ప్రంటీ చేపల కత్తి మర్చిపోయానంటూ మళ్లీ పైకెళ్లింది, ఆమెని ఇద్దరు కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆమె మ్యాటీ ముందునుంచి పోతూ కుర్చీ ఆపమంది.

"మీ అమ్మకి పురుడు పోసింది నేనురా. ఆ గదిలోనే."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు మ్యాటీ.

కేసేమీ పెట్టలేదు. లూబీ మర్నాడు వచ్చి, గీకిన సంతకాన్ని చాలాసేపు చూసి, "నా సంతకంకంటే మీదే నా సంతకంలా ఉంది," అన్నాడు. తర్వాత టోపీ పెట్టుకోవడం మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఊరి చివర కొత్త ఇంటి గోడలు తిన్నగా, చల్లగా, తెల్లగా ఉన్నాయి. టాలన్ల ఎడమవైపు ఇల్లు గెరటీలది. వాళ్ల పిల్లలు కార్మెల్‌తో ఆడరు. బస్సులో మ్యాటీ పక్క సీటు ఖాళీగా ఉన్నా పాత ఇంటివాళ్లు నిలబడే వస్తారు. జనవరి దాటింది. పన్నెండో నంబరు ఇంకా నిలబడే ఉంది. హార్ట్‌నెట్ మరో మూడు దూలాలు పెట్టాడు గనక నిలబడిందని ఎవరూ అనలేదు. చూశారా, ఏమైంది దానికి, అన్నారు. పడని ఇంటికోసం మమ్మల్ని రోడ్డున పడేశాడన్నారు.

ఫిబ్రవరిలో కూల్చేముందు, మంచి గాజులు తీసి ఇమ్మని హార్ట్‌నెట్ మ్యాటీకి కబురుపెట్టాడు. మ్యాటీ వెళ్లాడు. వద్దని రీటా చెప్పింది, అయినా వెళ్లాడు. పైకి జరిపే ఆ కిటికీలు ఎలా ఊడతాయో మరొకడికి తెలియదు.

ఖాళీ గదిలో అతని అడుగుల చప్పుడు సీలింగు పిట్టల దాకా వెళ్లి తిరిగొస్తోంది. మూల కిటికీ కింది చట్రాన్ని తొమ్మిదింటికి రెండు వేళ్లతో పైకి లేపి, కింద చెక్కముక్క పెట్టి, రెండో కిటికీ పని చూసుకున్నాడు. పదిన్నరకి వెనక్కొచ్చి, ఇంకాస్త లేపుదామని చెయ్యి వేశాడు. రాలేదు. భుజం పెట్టాడు. రాలేదు. కొలబద్ద తీసి కిటికీ గూడు వెడల్పు కొలిచాడు: పైన ఒక కొలత, కింద ఇంకో కొలత. పొద్దున కొలిచినప్పుడు రెండూ ఒకటే. గంటన్నరలో గూడు కింది వైపు అర అంగుళం మూసుకుంది. చప్పుడు లేదు, దుమ్ము లేదు, 'టిక్' లేదు. అతని వెనకే, అతను పక్క కిటికీ మీద పని చేసుకుంటుండగా.

పనిముట్ల సంచి అక్కడే వదిలేశాడు. మెట్లు దిగాడు, పరిగెత్తకుండా, కొయ్య కటకటాల వైపు. ఒక్కో మెట్టు మీదా బరువంతా వెయ్యకుండా. వీధి గుమ్మం దాటాక గాని ఊపిరి తీసుకోలేదు. హార్ట్‌నెట్‌కి చేత్తో సైగ చేశాడు: ఎవరినీ లోపలికి పంపకు.

ఊచల దగ్గర గెరటీ నిలబడి ఉన్నాడు. రేవులో పని దొరకని రోజుల్లో అలా వచ్చి ఆ ఇంటివైపు చూస్తుంటాడని అందరికీ తెలుసు.

"ఏంరా టాలనూ, సున్నం కొట్టినట్టు పాలిపోయావేం?" అన్నాడు. తల ఎత్తి నాలుగు అంతస్తులూ చూశాడు. "బాగా చూడు. నిలబడే ఉందిగా?"

"ఆ, నిలబడే ఉంది," అన్నాడు మ్యాటీ. గెరటీ మోచెయ్యి గట్టిగా పట్టుకుని, అతను గింజుకుంటున్నా వినిపించుకోకుండా, వీధి దాటించి అవతలి పేవ్‌మెంటు మీదికి లాక్కుపోయాడు.